అందరి కాగితాలూ నా బల్ల మీదికే

పదహారేళ్లుగా మా ఆఫీసులో ఏ కంప్యూటర్ మొరాయించినా పిలుపు నాకే వచ్చేది. తాగుతున్న టీ పక్కన పెట్టి, విసుక్కుంటూ లేచేదాన్ని. ఆ విసుగులో ఎంత సుఖముందో నాకే తెలుసు. కాలేజీలో నేను చదివింది చరిత్ర. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు, దాన్ని తిట్టి తిట్టి నేనే నేర్చుకున్నాను.

తర్వాత మా దీవిలోనే దూరంగా ఉన్న తుష్నాబాద్ పల్లె నుంచి ఆ పిల్ల ఉద్యోగంలోకి వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దాటాయి, ఇద్దరు బిడ్డల తల్లి. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవికి వచ్చిన కుటుంబం. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది. ఈ ఒక్క లోపం దొరికినందుకు మొదటి నెలంతా సంతోషంగా గడిపాను. రోజూ కిక్కిరిసిన బస్సులో వచ్చినా ఆమె చీర నలగదు. ఊళ్లోనే ఉన్న మిన్నీ బే నుంచి స్కూటర్ మీద వచ్చే నా చీరే నలుగుతుంది. ఇదేం న్యాయమో ఎవరైనా చెప్పండి.

నా బల్ల పక్కనున్న ముసలి ప్రింటర్ పాడైతే ఒక శుక్రవారం దాన్ని స్టోర్‌కి పంపేశారు. కొత్తది వచ్చింది. చోటుందని దాన్ని ఆమె బల్ల దగ్గర పెట్టారు. నా దగ్గర చోటు లేకపోతే చేయించలేరా? పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని అందరూ ఆమె దగ్గర వరస కట్టారు. ఆమె నవ్వుతూ ప్రింట్లు తీసి ఇచ్చేది. నవ్వాల్సిన పని ఏముంది?

సోమవారం ఫైళ్లు తెరుచుకోవడం మానేశాయి. నొక్కితే తెర తెల్లబడి, చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. అవతలి దీవుల బడులకు పంపే పుస్తకాల జాబితా నా కంప్యూటర్‌లో ఉంది. మర్నాడు షిప్. నాలుగింటికల్లా జాబితా జెట్టీకి చేరాలి. మా సార్ రెండుసార్లు వచ్చి, "మేడమ్‌జీ, హో గయా క్యా, అయిందా?" అని అడిగి వెళ్లారు. మూడోసారి అడగకుండా ఆమె వైపు చూశారు. ఆ చూపు నేను చూశాను.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. పనికిరాని ఫైళ్లు తుడిచేశాను. వైరస్ కోసం వెతికించాను. "ఫైలు పెద్దదైపోయింది, అందుకే" అని ప్రకటించాను కూడా.

ఆమె వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. "దీదీ, ఒక్కసారి ఖాళీ ఫైలు తెరవండి."

తెరిచాను. అదీ బిగుసుకుపోయింది.

"ఖాళీది కూడా రావట్లేదేటి? అయితే గల్తీ ఫైలుది కాదు."

"మరెవరిదమ్మా తప్పు? నాదా?"

ఆమె వంగి మౌస్ అందుకుని ప్రింటర్ల పట్టిక తెరిచింది. పైన, కాగితాలన్నీ దీనికే వెళ్లాలని టిక్కు పెట్టి ఉన్నది స్టోర్‌లో దుమ్ము తింటున్న నా ముసలి ప్రింటరే. ఏ ఫైలు తెరవబోయినా కంప్యూటర్ ముందు దాన్ని వెతుక్కుంటోంది. లేనిదాని కోసం ఎదురు చూస్తూ కూర్చుంటోంది.

ఆ టిక్కు పెట్టింది నేనే. ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌లోనూ నేనే పెట్టాను. తప్పులు దిద్దడానికని చెప్పేదాన్ని. నిజానికి ఎవరు సెలవు అడుగుతున్నారో, ఎవరు బదిలీ కోసం రాస్తున్నారో అందరికంటే ముందు నాకు తెలియాలి. అందుకే ప్రతి కాగితమూ నా బల్ల మీదికి రావాలి.

ఆమెకు అర్థమైంది. నా ముఖం చూసింది. టిక్కు తీసి కొత్తదానికి పెట్టింది. జాబితా చటుక్కున తెరుచుకుంది.

సార్ పరుగున వచ్చారు. "ఎవరు బాగు చేశారు?"

"దీదీయే చెప్పారు సార్, నేను నొక్కానంతే," అంది ఆమె.

నా ఒళ్లు మండిపోయింది. పోనీలే అని నాకు పేరు దానం చేస్తోందా? "నేనేం చెప్పలేదు సార్," అన్నాను. "పాడు చేసింది నేను. బాగు చేసింది ఈవిడ."

సార్ నా నిజాయితీని మెచ్చుకున్నారు. అందులో నిజాయితీ రవ్వంత కూడా లేదు. ఆమె చేతి నుంచి ఏదీ తీసుకోబుద్ధి కాలేదు, అంతే.

జాబితా జెట్టీకి వెళ్లాక ఆమె అంది, "మిగతా ఏడు కంప్యూటర్లదీ ఇదే రోగం. నేను మార్చీసి వస్తాను దీదీ."

"కూర్చో. పెట్టింది నేను, తీసేదీ నేనే," అన్నాను. ఒక్కొక్క బల్ల దగ్గరా జనం ఆమెను "ఎంత తెలివో" అనడం నాకు వినబుద్ధి కాలేదు.

ఒక్కొక్క దాని దగ్గర కూర్చుని నా ప్రింటర్‌ను తీసేసి ఆమె బల్ల దగ్గరిదాన్ని పెట్టాను. పరీక్షకు ఒక్కొక్క కాగితం పంపాను. ప్రతిసారీ హాలు ఆ చివర నుంచి ఆమె కాగితం ఎత్తి చూపిస్తూ అరిచేది.

"వచ్చీసింది దీదీ!"

ఏడుసార్లు.