చేయి పట్టుకున్నాకే ముద్ర

ఎర్ర లక్క కరిగే వాసన వస్తే ఇప్పటికీ నా కుడి అరచేయి చల్లబడుతుంది. నిన్న మధ్యాహ్నం ఒకమ్మాయి డిగ్రీ పట్టా నకలు తెచ్చింది, జర్మనీలో చూపించాలట. నోటరీ ముద్ర కోసం లక్క కరిగించాను. బయట మార్కాపురం ఎండ, కాకిని దాని నీడే వదిలేసి ఆటో ఎక్కి పారిపోయేంత ఎండ. నా చేయి మాత్రం కొత్త కుండ నీళ్లలో ముంచి తీసినట్టయింది.

ఆ చలి నాకు నోటరీ మస్తాన్ సాయిబు గారి గదిలో అంటుకుంది. కోర్టు వీధిలో ఉండే ఆ గది అగ్గిపెట్టెకు తోబుట్టువు. అందులో ఆయన, ఒక బీరువా, ఏనుగు పాదమంత సీలు మిషను. ఆయన దాన్ని ఒత్తితే పక్క ఊరు తర్లుపాడులో గేదెలు మేత మాని తలెత్తి చూసేవని ఊళ్లో చెప్పుకునేవారు. చెప్పింది నేనే అనుకోండి. మస్కట్టుకైనా, లండనుకైనా ఇక్కడి నుంచి పోయే కాగితానికి మొదటి మెట్టు ఆయనే. "ఈడ నేను తప్పు జేస్తే బేటా, పైనున్న ఆఫీసులన్నీ ఆ తప్పుకే సలాం కొడతాయి" అనేవారు.

ఆయన పద్ధతి వేరు. మనిషి ఎదురుగా నిలబడి పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పాలి. స్టాంపు కాగితం పాడవకుండా ముందు పలక మీద సంతకం పెట్టి చూపించాలి. కాగితం మీద పెట్టాక సాయిబు గారు లేచి, ఆ మనిషి కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు పట్టుకునేవారు. ఆ తర్వాతే ముద్ర. అదంతా మర్యాద అనుకునేవాణ్ణి. నేనప్పుడు ఆయన దగ్గర కొత్త జూనియర్ లాయరుని. నల్లకోటు వేసుకుని, హైకోర్టు నా కోసం తలుపులు తీసి ఎదురుచూస్తోందని నమ్మేవాణ్ణి. చెమట చేతులు పట్టుకోవడం నా హోదాకు తక్కువ.

ఆ మే నెలలో తర్లుపాడు నుంచి సుగుణ వచ్చింది. మస్కట్టులో నర్సు. తొమ్మిదేళ్ల కూతుర్ని తనతో తీసుకుపోవాలి. దానికి తండ్రి ఒప్పుకుంటున్నట్టు నోటరీ కాగితం కావాలి. ఆ తండ్రి వెంకటేశ్వర్లు మూడేళ్ల కింద ఇల్లు వదిలి తిరుగుబోతయ్యాడు.

"యాడున్నాడో తెల్దు సార్. కనపడితే ఈ గదికి పంపమని గిద్దలూరు దాకా అందరికీ చెప్పొచ్చినా. పది రోజుల్లో నా సెలవు అయిపోతది. పాపను చూసుకోనీకె ఇంగెవురూ లేరు" అంది. కాగితం టైపు చేయించి మా దగ్గరే పెట్టి వెళ్లింది.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం సాయిబు గారు నమాజుకు వెళ్లారు. గదిలో నేనొక్కణ్ణే. ఫ్యాను కూడా వడదెబ్బ తగిలి మూలుగుతోంది. గడపలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు.

"వెంకటేశ్వర్లు అన్నా. సంతకం పెట్టిపోతా. పాప పోవాల."

మంచినీళ్లు ఇస్తే వద్దన్నాడు. ఆ ఎండలో వచ్చిన మనిషి నుదుటి మీద చెమట బొట్టు లేదు. పలక మీద పెట్టాడు, కాగితం మీద పెట్టాడు. పేరు చివర గీత పాముపిల్లలా వెనక్కి తిరిగింది.

"సాయిబు గారు వస్తారు, కూర్చో."

"వస్తాలే" అని గడప దాటాడు. నేను తొంగిచూసేసరికి వీధి ఖాళీ.

కబురు పంపితే సుగుణ ఆటోలో పరిగెత్తుకొచ్చింది. పలక చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఆయనదే సార్. ఆ తోక ఆయనదే."

సాయిబు గారు వచ్చి కాగితం చూశారు. "మనిషి యాడ?"

"వెళ్లిపోయాడు సార్."

"నా ఎదుట సంతకం పెట్టినాడని కింద రాసుంది. నా ఎదుట పెట్టినాడా?"

"నా ఎదుట పెట్టాడు కదా సార్! ఆవిడ కూడా గుర్తుపట్టింది."

ఆయన నా కుడిచేతి వైపు చూశారు. "చెయ్యి పట్టుకున్నావా?"

"లేదు సార్."

"అయితే ఎవరొచ్చినారో నీకు మాత్రం ఏం తెలుసు?"

సుగుణ బతిమాలింది, చివరికి తిట్టింది. "నా బిడ్డ బతుకు నీ ముద్దరలో ఉంది సాయిబూ! రాయివా, మనిషివా?" ఆయన తల వంచుకుని తిట్లన్నీ పడ్డారు. కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఆయన్ని తోలుకురా అమ్మా. ఒక్క నిమిషం చాలు." ఆ సాయంత్రం నేను కూడా ఆయనతో మాట్లాడలేదు.

ఆ తర్వాత మూడో రోజు రైల్వే పోలీసుల నుంచి సుగుణకు ఫోను. గిద్దలూరు దగ్గర పట్టాల పక్కన దొరికిన శవం వెంకటేశ్వర్లుదే. పోయి తొమ్మిది రోజులు. అంటే మా గడపలో నిలబడే నాటికే ఆరు రోజులు.

పోలీసులు ఇచ్చిన పాత ఫోటో సుగుణ నా ముందు పెట్టింది. నాలోని లాయరు ఎవడో వేషం కట్టాడని వాదించబోయాడు. ఫోటోలో మా గడపలో నిలబడ్డ మొహమే కనిపించి కూర్చుండిపోయాడు.

తండ్రి లేడని తేలాక ఒప్పుకోలు కాగితమే అక్కర్లేకపోయింది. మరణ పత్రం సరిపోయింది. ముద్ర పడి ఉంటే, చచ్చినవాడి చేత సంతకం పెట్టించిందని సుగుణ జైల్లో, పాప దిక్కులేక ఉండేవారు. వెళ్లే ముందు సుగుణ వచ్చి సాయిబు గారి చేయి కళ్లకద్దుకుంది. పాప మాత్రం గడప వైపే చూస్తూ నిలబడింది.

వాళ్లు వెళ్లాక అడిగాను. "ఆ కాగితం చింపేద్దామా సార్?"

"సంతకం పెట్టినోడు వచ్చి అడిగితే ఏం జెప్తావ్?" అన్నారు, నవ్వకుండా. "వెచ్చగా ఉంటే మనిషి, బేటా. వణికితే ఎవరో బలవంతంగా తెచ్చినారని. చల్లగా ఉంటే..."

"సార్, మీరెప్పుడైనా...?"

సీలు మిషను తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆయన పోయే ముందు ఆసుపత్రిలో నా చేయి పట్టుకున్నారు. "వెచ్చగానే ఉండావు. పో, దుకాణం తెరువు" అన్నారు. ఆ బీరువా, ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరున్నాయి. ఇంతవరకు అడగడానికి ఎవరూ రాలేదు.

నేనిప్పుడు నోటరీని. వచ్చిన ప్రతివాళ్ల చేయి పట్టుకుంటాను. ఎలక్షన్లో నిలబడతావా అన్నా అని ఎగతాళి చేస్తారు. ఈ పదేళ్లలో అందరి చేతులూ వెచ్చగానే తగిలాయి, నిన్నటి అమ్మాయిదీ అంతే. కానీ నేను చేయి చాచాక, అవతలి చేయి వచ్చి తగిలేదాకా, ఒక అరక్షణం ఉంటుంది. అప్పుడు లాయరూ ఉండడు, ఎగతాళీ ఉండదు. నేను ముందు వాళ్ల నుదుటి మీద చెమట కోసం వెతుకుతాను.