లియాన్ అంకుల్ కోసం అమ్మమ్మ చెప్పిన సాక్ష్యం

మా చిన్నప్పుడు... అపార్ట్‌మెంట్ బాల్కనీలో దండెం కట్టి బట్టలు ఆరేసేది అమ్మమ్మ. ఇక్కడ అలా బయట ఆరేయకూడదని మేనేజర్ వచ్చి చెప్పి వెళ్ళేవాడు. డ్రయ్యర్‌లో వేస్తే చీర చీరలా ఉండదని అమ్మమ్మ వినేది కాదు...

అది అమెరికాలో, ఆర్కన్సాస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. నాన్న ఐటీ కాంట్రాక్టర్. నేను మూడో తరగతి. అమ్మమ్మ తెనాలిలో నర్సుగా చేసి రిటైరై, కొన్ని నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చింది.

మా కింది ఇంట్లో లియాన్ అంకుల్, గ్లోరియా ఆంటీ ఉండేవారు. నల్లజాతి దంపతులు. మా స్కూల్ బస్సు నడిపేది అంకులే. అమ్మమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం, అంకుల్‌కి తెలుగు అసలే రాదు. అయినా మెట్ల పక్కన జానెడు మట్టిలో గోంగూర, టమాటా వేసి, ఎవరి భాషలో వాళ్ళు గంటల తరబడి మాట్లాడుకునేవారు...

ఒక శనివారం పొద్దున అంకుల్ తన కారు బానెట్ ఎత్తి ఏదో రిపేర్ చేసుకుంటున్నారు. నేనూ అమ్మమ్మా పైన బట్టలు ఆరేస్తున్నాం. పోలీసు కారు వచ్చి ఆగింది. ఎవరో కారు దొంగిలిస్తున్నారని ఫోన్ వచ్చిందట.

అంకుల్ రెండు చేతులూ కనబడేలా పెట్టి, "ఇది నా కారే సర్. లైసెన్స్ ఇంట్లో ఉంది, మా ఇల్లు అదే," అన్నారు. ఆఫీసర్ వినలేదు. చెయ్యి వెనక్కి విరిచి, నేలకేసి తోసి, బేడీలు వేశాడు. అంకుల్ అరిచిన అరుపు నాకింకా గుర్తుంది...

అమ్మమ్మ తడిచీర అక్కడే వదిలేసి మెట్లు దిగింది. "బాబూ, ఆయన ఇల్లు ఇదే! దిస్ మ్యాన్, దిస్ హౌస్!" అని వేలు చూపిస్తూ అరిచింది. దూరంగా జరగమని ఆఫీసర్ గద్దించాడు. అమ్మమ్మ ఒకడుగు వెనక్కి వేసింది గానీ, అక్కణ్ణుంచి కదల్లేదు.

గ్లోరియా ఆంటీ పరుగున లైసెన్స్ తెచ్చి చూపించినా అంకుల్‌ని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. సాయంత్రం భుజానికి కట్టుతో తిరిగొచ్చారు. ఆఫీసర్ మీద తిరగబడ్డారని కేసు పెట్టారు. ఆ కేసుతో, ఆ భుజంతో బస్సు నడపడం కుదరలేదు.

ఆ ఊళ్ళో అలా జరగడం మొదటిసారి కాదట. వాళ్ళ చర్చివాళ్ళు, ఇరుగుపొరుగు కలిసి సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళి అడగాలనుకున్నారు. కానీ అప్పట్లో ఫోన్‌లో వీడియో తీసేవాళ్ళు లేరు. మొదటినుంచీ చూసింది మేమే. గ్లోరియా ఆంటీ మా గుమ్మంలో నిలబడి, వచ్చి చెప్పగలరా అని అడిగారు. రాలేకపోయినా ఏమీ అనుకోనని కూడా అన్నారు.

ఆవిడ వెళ్ళాక నాన్న తల పట్టుకున్నారు. "అత్తయ్యగారూ, మన గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. పోలీసులతో మనకెందుకండీ?"

"గ్రీన్ కార్డ్ కావాల్సింది మీకు బాబూ, నాక్కాదు. నేనెలాగూ తిరిగి వెళ్ళిపోయేదాన్నే. నేను చెప్తాను."

"రేపు మీకు మళ్ళీ వీసా ఇవ్వకపోతే? మనవరాల్ని చూడ్డానికి ఎలా వస్తారు?"

 అమ్మమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "అదొక్కటే బాధ," అంది. "కానీ ఇదీ చూసింది కదా బాబూ. నోరు మూసుకుని కూర్చుంటే దీనికేం చెప్పను?"

మేము వెళ్ళే తెలుగు చర్చిలో కొందరు ప్రార్థన చేస్తామన్నారు. మీటింగ్‌కి మాత్రం ఎవరూ రాలేదు. నాన్న అమ్మమ్మని, అమ్మని, నన్ను కార్‌లో దింపారు గానీ, లోపలికి రాకుండా పార్కింగ్‌లోనే కూర్చున్నారు.

హాలంతా నిండిపోయింది. అమ్మమ్మ మైక్ ముందు తెలుగులో చెబుతుంటే, అమ్మ పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పింది.  "చెయ్యి విరిచి నేలకేసి తోశాడు," అంది అమ్మమ్మ. అమ్మ దాన్ని "కింద కూర్చోబెట్టాడు" అని చెప్పింది.

నేను అమ్మ చున్నీ పట్టుకుని లాగాను. "అమ్మా, అమ్మమ్మ అలా చెప్పలేదు. షీ సెడ్ హి పుష్డ్ హిమ్."

నా మాట మైక్‌లో పడింది.  అమ్మ నా వైపు చూసింది, కొడుతుందనే అనుకున్నాను. కానీ ఆమె కళ్ళు తుడుచుకుని, "అవును, తోశాడు. చెయ్యి విరిచాడు. ఆయన ఎదురు తిరగలేదు," అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ఆ తర్వాత ఒక్క మాట కూడా మెత్తబరచలేదు.

కొన్ని వారాలకి అంకుల్ మీద కేసు ఎత్తేశారు. ఆఫీసర్ ఉద్యోగం మాత్రం పోలేదు. గ్లోరియా ఆంటీ వాళ్ళు ప్రతి మీటింగ్‌కీ వెళుతూనే ఉన్నారు. ఏడాది దాటాక, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి కౌన్సిల్ ఓటింగ్ పెట్టి ఊరివాళ్ళతో ఒక కమిటీ వేసింది. ఆ ఓటింగ్ రోజు నాన్న తనంతట తానే లోపలికి వచ్చి, లియాన్ అంకుల్ పక్కన కూర్చున్నారు.

అంకుల్ భుజం పూర్తిగా బాగవలేదు. బస్సు మానేసి డిపో ఆఫీసులో చేరారు. మా గ్రీన్ కార్డ్‌కి ఏమీ కాలేదు. అమ్మమ్మకి వీసా మళ్ళీ వచ్చింది... ఇప్పుడు అంకుల్, అమ్మమ్మ ఇద్దరూ లేరు.

నేనిప్పుడు ఉండే ఊళ్ళోనూ అలాంటి కమిటీ ఉంది. వీలైనప్పుడల్లా వెళ్తాను. ఏదైనా జరిగితే నిమిషాల్లో వీడియో అందరికీ చేరుతోంది... అందరం చూస్తున్నాం, షేర్ చేస్తున్నాం. మీటింగ్ హాల్లో మాత్రం సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

మీ ఇంట్లో కూడా, పక్కవాళ్ళ కోసం అలా లేచి నిలబడిన పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా? వాళ్ళ గురించి కింద రాయండి... మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.