గడప దాటని కాలు

మా అన్న లండన్‌లో బస్సు నడుపుతాడు, అక్కడి కమ్యూనిస్టు పార్టీలో పనిచేస్తాడు. ఆ పార్టీలో చదువుకొక కమిటీ, వైద్యానికొక కమిటీ. సంగతి తెలిసినవాళ్లు కూర్చుని ముసాయిదా రాస్తే, పెద్ద కమిటీ దాన్ని పార్టీ విధానం చేస్తుంది. అన్న ఉన్నది ఇంటిపనివాళ్ల కమిటీలో. నాకేమో మీటింగులంటే ఒళ్లుమంట. "మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు" అని ఫోన్‌లో దెప్పేదాన్ని.

నేనుండేది కువైట్‌లో. ఖైతాన్ పేటలో నా గదికి ప్రతి శుక్రవారం ఒక అక్క వచ్చేది. మా కడప మనిషే, ఒక కువైటీ ఇంట్లో వంటపని. వారానికి ఆ ఒక్కపూటే ఆమెది. తలంటుకుని, ఉగ్గాని తిని, కాళ్లు బారజాపుకుని పిల్లలతో ఫోన్‌లో మాట్లాడుకునేది. ఆ వేసవిలో ఇంటి యజమానురాలు, పనివాళ్లంతా 'మామా' అని పిలిచే ఆవిడ, లండన్ పోతూ అక్కను వెంట రమ్మంది. అక్కడ ఈ పూట కూడా ఉండదేమోనని అక్కకు దిగులు పట్టుకుంది.

సరిగ్గా అలా యజమానుల వెంట వచ్చే ఆడవాళ్ల గురించే అన్న కమిటీ రాస్తోంది. యజమానిని వదిలి వేరేచోట చేరే హక్కు కావాలన్నది ముసాయిదా. వారానికొక సెలవు కూడా చేర్చమని అన్న అంటే, చిన్న కోరికలతో పెద్దది పలచనవుతుందని ఇద్దరు అడ్డం తిరిగారట.

"అక్కతోనే మాట్లాడించు పాపా" అన్నాడు.

మీటింగ్ రోజు అక్క తడి తలకు తువ్వాలు చుట్టుకుని ఫోన్ ముందు కూర్చుంది. ఆమె మాటల్ని అన్న ఇంగ్లీషులో చెప్పాడు.

"ఇడిసిపోవచ్చని రాసినారు, మంచిదే అన్నా. ఆ మాట నాకు చెప్పేదెవురు? ఒక పూటన్నా బయటికొస్తే గదా తెలిసేది."

అడ్డం తిరిగినవాళ్లలో ఒకామె మళ్లీ చెప్పమంది. అక్క మళ్లీ చెప్పింది. కొన్నాళ్లకు పార్టీ విధానంలో రెండూ చేరాయి. దెప్పిన నోటితోనే ఆ సంగతి అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

లండన్ చేరాక, మామాను అడిగి ఆదివారం తాము దిగిన ఇంటి ఎదుటి పార్కుకు వస్తానని అక్క కబురు చేసింది. అన్న పులిహోర కట్టుకుని వెళ్లి సాయంత్రందాకా చూశాడు. ఆమె రాలేదు.

కువైట్‌కు తిరిగొచ్చిన శుక్రవారం నా గదిలో తల తుడుచుకుంటూ చెప్పింది.

"మామా బయట తాళమేసుకుని పోయింది. కిటికీలోనుంచి చూస్తానే ఉంటి. మీ అన్న కూర్చోనే లేదు, నిలబడే ఉండె పాపం."

పార్టీ కాగితం చట్టం కాదని నాకు తెలుసు. అయినా ఏడుపొచ్చింది. అన్నకు ఫోన్ చేసి, మీటింగ్ మళ్లీ ఎప్పుడని ఈసారి నేనే అడిగాను.