ఓనర్ రాని నెల

మంగళవారం పొద్దున మాలూరు స్టేషన్‌లో రైలు దిగి ఫ్యాక్టరీ వైపు నాలుగడుగులు వేశానో లేదో ఫోన్ మోగింది. చేసింది మా గోల్‌కీపర్, కేజీఎఫ్‌లో ఆటో నడుపుతాడు. "అన్నా, అత్త పోయింది," అన్నాడు. ఏ అత్త అని నేను అడగలేదు. మా గని కార్మికుల లైన్ ఇళ్ళలో, మా ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన ప్రతివాడికీ అత్త అంటే ఒక్కరే. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి, బిందె దించి, గోడకు ఆనుకుని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. పోయిందన్న మాటకంటే కూర్చుందన్న మాటే నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె తీరిగ్గా కూర్చోవడం నేను చూడలేదు.

షిఫ్టుకు పోలేదు. తిరుగు రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడిచాను. ఆ నడక ఇంకా ఆగలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుని ఎన్నిసార్లు లేచానో నాకే తెలియదు. ఆమెకు కృతజ్ఞత చెప్పుకోవాలని మొదలుపెడతాను. ఆమె ఎదురుగా నేను చెయ్యెత్తిన ఒక సాయంత్రం అడ్డమొస్తుంది.

ఆమె సుగటూరులో రాగి పండించే ఇంట్లో పుట్టింది. పెళ్ళయి కేజీఎఫ్ వచ్చింది. భర్త బంగారు గనిలో భూమి లోపల పనిచేసేవాడు, ఆదివారాలు మా జట్టుకు గోల్‌కీపర్. ఆయన తాతలూ మా తాతల్లాగే చిత్తూరు వైపు ఊళ్ళనుంచి గని పనికి వచ్చినవాళ్ళు. గని మూతపడిన కొన్నేళ్ళకు, ఛాతీలో పేరుకున్న రాతిదుమ్ముతో ఆయన పోయాడు. జట్టు సామానంతా వాళ్ళింట్లోనే ఉండేది. దినం అయ్యాక దాన్ని తీసుకుపోదామని నలుగురం వెళ్ళాం. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. జెర్సీల మూట ఎత్తబోతుంటే ఆమె అడ్డొచ్చింది.

"యాడికి మోసుకుపోతారప్పా? మీ ఇండ్లల్లో ఎలుకలు కొట్టేస్తాయి. ఉండనీండి. ఆదివారం పొద్దున్నే వచ్చి తీసుకోండి."

అంతే. ఎన్నిక లేదు, తీర్మానం లేదు. జట్టు ఆమె చేతికి వచ్చింది.

ఫుట్‌బాల్ నియమాలు ఆమెకు సగం తెలియవు. ఆఫ్‌సైడ్ అంటే చివరిదాకా ఒప్పుకోలేదు. "ముందరికి పోయి నిలబడినోడు తెలివైనోడు కదా, వాన్నెందుకు ఆపేది?" అనేది. కానీ జట్టుకు ఏం కావాలో ఆమెకు తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. ఇంటింటికీ ఒక వంతు పెట్టింది. బడ్డీ కొట్టు నడిపే ఆమె మ్యాచ్ రోజు అరటిపండ్లు ఇవ్వాలి. ఆటో ఉన్నవాళ్ళు మమ్మల్ని రైలు దాకా చేర్చాలి. కంపౌండర్‌గా చేసి రిటైరైన తాత కట్లు కట్టాలి. బేతమంగళ బస్సు కండక్టర్ ఇంట్లోంచి బట్టల సబ్బు రావాలి. ఏమీ లేని ఇంటివాళ్ళు జెర్సీలకు ఊడిన నంబర్లు కుట్టాలి. నెల మొదటి ఆదివారం తలుపు తలుపూ తట్టేది. ఆ వంతు ఇచ్చిన ప్రతి ఇంటివాళ్ళూ మ్యాచ్ చూడటానికి వచ్చేవాళ్ళు, తమ అరటిపండు తిని ఆడుతున్నారు గదా అన్నట్టు మమ్మల్ని తిట్టేవాళ్ళు.

మ్యాచ్ జరిగినంతసేపూ మా గోల్ వెనకాలే నిలబడేది. పేర్లతో పిలిచేది కాదు, జెర్సీ నంబర్లతోనే. నేను మూడు. "మూడూ! నీ వెనకాల ఎవడుండాడో చూస్కో!" నా పెళ్ళిలో కూడా నన్ను అలాగే పిలిస్తే మా మామగారు తెల్లబోయారు.

అలా లీగ్ కింది డివిజన్‌లో, గెలిచినన్ని ఓడిపోతూ ఉన్న మా దగ్గరికి ఓనర్ వచ్చాడు.

మాలూరు పక్కన ఇటుక బట్టీలతో మొదలై, లేఅవుట్లు వేసి బాగా సంపాదించిన మనిషి. చిన్నప్పుడు సెలవులకు మేనమామ ఇంటికి వచ్చి మా గ్రౌండ్‌లోనే మ్యాచ్‌లు చూశాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో అబద్ధం లేదు. అత్త ఇంటి ముందు ఒక ఆదివారం సాయంత్రం అందరం చేరాం. బయటినుంచి కోచ్, మంచి ఆటగాళ్ళు, బస్సు, గ్రౌండ్‌కు లైట్లు, మూడేళ్ళలో అన్నిటికంటే పై డివిజన్ అన్నాడు. క్లబ్ రిజిస్ట్రేషన్ మాత్రం తన కంపెనీ పేరుమీదికి మార్చాలి.

అందరూ నోరు తెరుచుకుని వింటున్నారు. అత్త వాకిట్లో నిలబడే అడిగింది.

"అంతా బాగుండాది. నువ్వు రాని నెల మావాళ్ళు ఏం తినాల?"

ఓనర్ హాయిగా నవ్వాడు. "నేను రాని నెల ఉండదమ్మా."

అప్పుడు లేచింది నేను. "అత్తా, ఇంగ ఎన్నాళ్ళు ఈ అరటిపండ్లతోనే ఆడేది? మనకి అదృష్టం నడుచుకుంటా వచ్చినాది, వాకిట్లో నిలబెట్టి ప్రశ్నలేస్తే ఎట్ల?" అని, ముందుగా చెయ్యెత్తాను. నా వెనకాల అన్ని చేతులూ లేచాయి. ఆమె చెయ్యి లేవలేదు. వద్దని కూడా అనలేదు. లోపలికి వెళ్ళి అందరికీ కాఫీ తెచ్చింది.

మొదటి ఏడాది నిజంగానే పండగ. లైట్లు వేసిన రోజు ఊరంతా వచ్చింది. "పగలు లెక్క ఉండాదప్పా!" అని అత్త మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూశాను. ఓనర్ పెట్టిన పట్టుచీర కట్టుకుని చివరి మ్యాచ్‌కు వచ్చింది. గెలిచి ఒక డివిజన్ పైకి ఎక్కాం.

రెండో ఏడాది ఆయనకు తొందర పట్టుకుంది. సీజన్ మధ్యలో కోచ్‌ను మార్చాడు. మణిపూర్ నుంచి, ఘానా నుంచి ఆటగాళ్ళు వచ్చారు. ఒక్కో ఆటగాడికి ఆయన పెట్టిన ఖర్చు విని మాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. గేటు దగ్గర టిక్కెట్టు కొనేది మా లైన్లవాళ్ళు, అంత ఖర్చుకు ఏ మూలనుంచి ఏం తిరిగొస్తుంది? అడగాల్సినవాళ్ళం అడగలేదు. మా కుర్రాళ్ళు బెంచీ మీద కూర్చున్నారు. నా మూడో నంబరు జెర్సీ ఇంకొకరికి పోయింది. నాకు ఎలాగూ వయసైపోయిందిలే అనుకున్నాను. జెర్సీలు అత్త ఉతకడం పోయి, రాబర్ట్‌సన్‌పేట లాండ్రీకి వెళ్ళేవి. అయినా అత్త నెల మొదటి ఆదివారం అలవాటు మానలేదు.

"మూడూ, ఈ నెల నాకెవరూ ఏం ఇయ్యలేదు," అంది ఒకరోజు కుళాయి దగ్గర. "తలుపు తీస్తారు. 'ఓనర్ ఉండాడు కదత్తా, నీకెందుకు సుమ్నే లేనిపోని తిప్పలు' అని నవ్వి పంపేస్తారు. మ్యాచ్‌కి కూడా రాకుండా పోయినారు."

"మంచిదే కదత్తా, నీకు రెస్టు," అన్నాను.

ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ ఏడాది మధ్యలోనే ఓనర్ లేఅవుట్ ఒకటి కోర్టులో చిక్కుకుంది. మొదట బస్సు రాలేదు. తర్వాత కోచ్ రాలేదు. తర్వాత ఓనర్ ఫోన్ ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం లైట్ల కాంట్రాక్టర్ క్రేన్ తెచ్చి, అందరూ చూస్తుండగా ఒక్కో లైటూ దింపి లారీలో వేసుకుపోయాడు. స్తంభాలు మాత్రం మిగిలాయి. వరసగా మ్యాచ్‌లకు జట్టు దిగకపోతే లీగ్ వాళ్ళు మమ్మల్ని తీసేశారు. పోనీ మళ్ళీ కిందనుంచి మొదలుపెడదామంటే, క్లబ్ పేరు మాది కాదు. మా తాతలు పెట్టుకున్న పేరుతో మేమే ఆడటానికి లేదు.

జీతాలు అందక, అద్దె ఇల్లు ఖాళీ చేయించగా ఇద్దరు ఆటగాళ్ళు వీధిలో పడ్డారు. ఒకడు మణిపూర్, ఒకడు ఘానా. అత్త వాళ్ళిద్దర్నీ తన ముందు గదిలో పెట్టుకుంది. సొంత ఊళ్ళకు పోయే దారి దొరికేదాకా, రెండు నెలలు. ఒకరి భాష ఒకరికి రాదు. పళ్ళెంలో రాగి ముద్ద పెట్టి ఎదురుగా నిలబడి, "నమలొద్దప్పా, మింగు. మింగాల!" అని తన గొంతు మీద చెయ్యి జార్చి చూపించేది. మణిపూర్ అబ్బాయి వారంలో నేర్చుకున్నాడు. ఘానా అబ్బాయి మొదటి రోజే మింగి రెండో ముద్ద అడిగాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఇలాంటి తిండే ఉంటుందని సైగలతో చెప్పాడట.

ఇవన్నీ నేను ఇతరుల నోట విన్నాను. ఆ రెండు నెలలు నేను ఆమె వీధిలోంచి నడవలేదు. స్టేషన్‌కు పక్కదోవలో చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఒక పొద్దున మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కబోతుంటే ఆమె రైలుపెట్టె తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఎందుకప్పా ఆ పక్కదోవ? కాళ్ళు నొప్పిబుట్టవా?"

"అత్తా, ఆ పొద్దు నేను..."

"ఆ లైట్ల కింద నేనూ నిలబడి సంతోషపడినాను. చీర కట్టుకున్నాను. తప్పంతా నీ ఒక్కడిదే అనుకోని మా వంతు కూడా నువ్వే పెట్టుకోవద్దు." రైలు కూత వేసింది. "ఆదివారం ఆ ఓనర్ ఇంటికి పోవాల, క్లబ్ పేరు మళ్ళీ మన మీదికి రాయించుకోవాల. ఒక్కదాన్నే రెండుసార్లు పోతే గేటు తియ్యలేదు. మగమనిషి ఉంటే తీస్తారేమో. తోడు రా."

వెళ్ళాం. ఈసారి గేటు తీసింది ఓనరే. పనివాళ్ళెవరూ ఉన్నట్టు లేదు. మా జట్టు బస్సు కాంపౌండ్‌లో ఒక పక్కన దుమ్ము పట్టి ఉంది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు చూపించాడు. నేను కూర్చున్నాను, అత్త నిలబడే ఉంది. దారిలో నేను కూడగట్టుకున్న కోపమంతా ఆ మనిషి మాసిన గడ్డం చూసి ఎటో పోయింది.

"తిన్నావా అప్పా?" అని అడిగింది అత్త.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అందరూ నన్ను దొంగ మాదిరి చూస్తాండారమ్మా. నేను ఒక్క రూపాయి తీసుకోలేదు మీ దగ్గర. ఇచ్చినాను. నా బట్టీలు కూడా తాకట్టు పెట్టి ఇచ్చినాను. దాంట్లో మోసం యాడుండాది?"

"మోసం లేదు," అంది అత్త. "నువ్వు అంతా ఇచ్చినావు. మేం ఇచ్చేది మాన్పించినావు. ఇప్పుడు నువ్వూ లేవు, మా అలవాటూ లేదు."

ఆయన లోపలికెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకుని, మేము తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. క్లబ్ పేరు మాకు తిరిగొచ్చింది. లేచి బయల్దేరుతుంటే, "ఇప్పుడు టీంలో ఎవరెవరు ఉండారమ్మా?" అని అడిగాడు. అత్త చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు ఏ నంబరు, ఎవడికి మోకాలు నొప్పి, ఎవడు ఎడమకాలితో బాగా కొడతాడు. ఆయన మధ్యమధ్యలో ప్రశ్నలు వేశాడు. మేము తిరిగి వెళ్ళాల్సిన బస్సు తప్పిపోయింది.

ఆ తర్వాత అత్త మళ్ళీ తలుపులు తట్టింది. మొదటి నెల సబ్బు కూడా రాలేదు. రెండో నెల కంపౌండర్ తాత దూది ఇచ్చాడు. బడ్డీ కొట్టు ఆమె అయిదో నెలకు గాని కరగలేదు. మోసపోయినవాళ్ళ కోపం ఒకరకం. వీళ్ళది అది కాదు. ఇవ్వడం మరిచిపోయారు. అది మళ్ళీ నేర్పడానికి ఆమెకు ఏడాది పట్టింది. అట్టడుగు డివిజన్‌లో మొదటి మ్యాచ్ అయిదు గోల్స్ తేడాతో ఓడాం. కుర్రాళ్ళు తలలు వంచుకుని ఉంటే, "పదకొండు మందీ దిగినారు కదప్పా. ఈ పొద్దుకు అది చాలు," అని జెర్సీలు విప్పించి మూట కట్టుకుంది.

మణిపూర్ అబ్బాయి ఊరికి పోయి మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు బెంగళూరులో హోటల్లో పనిచేస్తున్నాడు. అంత్యక్రియలకు వచ్చి, ఎవరూ పిలవకుండానే పాడెకు భుజం ఇచ్చాడు. ఓనర్ అందరిలా సర్కారు బస్సులో వచ్చాడు. చివరిదాకా ఉన్నాడు.

ఇంతటితో ఆపితే బాగుండేది. కానీ ఈ వారమే బెంగళూరునుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మా జట్టు గురించి ఎక్కడో విన్నాడట. డబ్బు పెడతానంటున్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. పేరు తిరిగొచ్చినప్పటినుంచీ క్లబ్ సెక్రటరీని కాబట్టి జవాబు నేనే చెప్పాలి. ఆలోచించుకుంటామన్నాను. ప్రాక్టీసులో ఈ మాట చెప్పగానే మా స్ట్రైకర్‌కు కోపమొచ్చింది. "మీకేంలే అన్నా, మీరు ఆడేసినారు. నాకు ఇరవై నాలుగు. ఇంకా ఎన్నేళ్ళుండాయి నాకు?" అన్నాడు. వాడిది తప్పు అనలేను. సరే అనడానికి నోరు రాదు. వద్దు అనడానికి నేనెవర్ని? అత్త ఉంటే వద్దనేది కాదు, ఏదో ఒకటి అడిగేది. ఏమని అడిగేదో రాత్రీ పగలూ వెతుక్కుంటున్నాను. ఈ మనిషిని అడగాల్సింది వేరే ఏదో ఉంది, అది నాకు తట్టడం లేదు.

ఆ రోజు ప్రాక్టీసులో స్ట్రైకర్ ఆ కోపంలోనే బంతిని గట్టిగా తన్నాడు. అది బారు మీదుగా లేచి, గోల్ అవతల సర్కారు తుమ్మ ముళ్ళపొదల్లో పడింది. మా దగ్గర గాలి నిలిచే బంతి ఆ ఒక్కటే. ముందు వాడే పరిగెత్తాడు. తర్వాత ఒక్కొక్కరే అందరూ వెళ్ళారు. పొద్దు వాలిపోతోంది. పదకొండు మంది పదకొండు వైపులా వంగి, చేతులతో ముళ్ళు పక్కకు తోసుకుంటూ, ఒకణ్ణొకడు కేకేసుకుంటూ వెతుకుతున్నారు. నేను కూడా చెప్పులు సరిచేసుకుని ఆ ముళ్ళలోకి దిగాను.