దారంతో కుట్టిన కార్డులు

కంప్యూటర్ క్లాసు మొదటి సాయంత్రం అధ్యాపకుడు ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చి రెండు ప్రశ్నలకు జవాబు రాయమన్నాడు. ఈ కోర్సు నుంచి ఏం ఆశిస్తున్నారు? ఆరు నెలల తరువాత మీ లక్ష్యం ఏమిటి? చివరి రోజు ఎవరి కాగితం వాళ్లకు తిరిగి ఇస్తానని చెప్పాడు.

నేను రాసింది ఇప్పటికీ గుర్తుంది. "జ్ఞానం కోసం చేరాను. ఉద్యోగం నా లక్ష్యం కాదు."

అబద్ధం. నగర్తపేటలో మా తాతగారు పెట్టిన పట్టుచీరల అంగడి చేతులు మారి అప్పటికి నాలుగేళ్లు. ఆ తరువాత నన్ను ఎవరూ పనికి పిలవలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. అడగడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. ముప్పై రెండేళ్ల వయసులో, ఇస్త్రీ చేసిన కోటు తొడుక్కుని, నాకంటే పదేళ్లు చిన్నవాళ్ల మధ్య నిటారుగా కూర్చునేవాణ్ణి.

మూడో వరుసలో దొడ్డబళ్ళాపురం నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. ఆమెను చూడగానే గుర్తుపట్టాను. వాళ్ల నాన్న మా మగ్గాలకు అట్టలు కొట్టినవాడు. చీర కొంగులో నెమలి రావాలంటే, దాని బొమ్మను వరుసలుగా విడగొట్టి, ఒక్కో వరుసకు ఒక్కో అట్ట మీద రంధ్రాలు కొట్టాలి. తరువాత ఆ వందల అట్టలను వరుస తప్పకుండా దారంతో కుట్టి మగ్గం మీద వేలాడదీయాలి. చిన్నప్పుడు తాతగారితో వాళ్లింటికి వెళితే వాళ్ల నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒక్క అట్ట తప్పిందంటే నెమలి మెడ ఇరిగిపోతాది చిన్నయ్యా" అనేవాడు. అంగడి యజమాని మనవణ్ణని వాళ్లింట్లో అందరూ నన్ను అలాగే పిలిచేవాళ్లు.

మొదటి వారంలోనే ఆమె వరండాలో నన్ను పలకరించింది. "బాగుండారా చిన్నయ్యా? నాయన మిమ్మల్ని అడుగుతానే ఉంటాడు."

ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాను. దారిన పోయేవాడు టైము అడిగితే ఊపినట్టు తల ఊపి లోపలికి వెళ్లిపోయాను. ఆమె మళ్లీ నన్ను అలా పిలవలేదు.

ఆ రోజుల్లో కంప్యూటరు యంత్రానికి మా ప్రోగ్రాములను అట్ట కార్డుల మీద రంధ్రాలుగా కొట్టి ఇవ్వాలి. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు. అధ్యాపకుడు పదే పదే ఒకే మాట చెప్పేవాడు. "యంత్రం మీ ఉద్దేశం చూడదు. వరుస చూస్తుంది. కార్డుల వరుస పోతే ప్రోగ్రాము పోయినట్టే." ఆఖరి పరీక్షలో ప్రతివాళ్లూ సొంత ప్రోగ్రాము నడిపి చూపించాలి. నెగ్గినవాళ్లను ఒక పెద్ద కార్యాలయం ఉద్యోగంలోకి తీసుకుంటుంది. తన నాన్నకు చూపు మందగించిందని, ఈ ఉద్యోగం వస్తే ఆయన చేత పని మాన్పిస్తానని ఆమె పక్కమ్మాయితో అనడం నేను విన్నాను.

పరీక్ష రోజు సాయంత్రం ఆరింటికల్లా కార్డులు అప్పగించాలి. ఐదుంబావుకు ఆమె సంచిలోంచి తన కట్ట తీసి బల్ల మీద పెట్టింది. నలభై కార్డులు. ప్రతిదానికీ రెండు చివరలా కొత్త రంధ్రాలు, వాటిలోంచి తెల్లటి నూలు దారం. మగ్గం మీదికి ఎక్కించే అట్టల్లా అన్నీ ఒకే వరుసలో కుట్టి ఉన్నాయి.

యంత్రం దగ్గర ఉండే ఆపరేటరు దాన్ని రెండు చేతులా ఎత్తి చూపించాడు. "ఏమమ్మా, పూలదండ తెచ్చినావా? ఇది మిషను తల్లీ, దేవుడు కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుట్టు ఎవరిదో, ఎంత చక్కటి కుట్టో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

"దారం విప్పేస్తాను సార్" అందామె.

"విప్పితే సరిపోదు. యంత్రానికి ప్రతి రంధ్రమూ ఒక అక్షరమే. ఇవన్నీ మళ్లీ కొట్టాలి" అన్నాడు అధ్యాపకుడు. ఎవరి వంతు ఎప్పుడో రాసి గోడకు అంటించిన పట్టిక చూశాడు. రంధ్రాలు కొట్టే మిషన్లు రెండే, వాటి మీద ఇంకా మొదలవని వంతు ఆఖరి అరగంట ఒక్కటే. అది నాది. "ఆయన్ని అడుగు" అన్నాడు.

నా ప్రోగ్రాము వారం కిందటే సరిగ్గా నడిచింది. ఆ అరగంటను ఒక్క పని కోసం అట్టిపెట్టుకున్నాను. యంత్రం అచ్చు వేసి ఇచ్చే మొదటి పేజీలో, నక్షత్రాల గుర్తులతో పెద్ద అక్షరాల్లో, మా అంగడి పేరు వచ్చేలా కార్డులు కొట్టుకోవాలి.

ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "మొన్న బస్సులో కార్డులు జారి పడినాయి. వరుస పోతే అంతా పోతాదని ఇంట్లో ఏడ్చినాను. పొద్దున లేచి చూస్తే నాయన కుట్టి పెట్టినాడు, తడుముకుంటానే. మీ అరగంట ఇస్తారా?"

నలుగురూ చూస్తున్నారు. ఇస్తే ఆమె చిన్నయ్యా అంటుంది. ఎవరి చిన్నయ్య, ఏ అంగడి, అదేమైంది అని వాళ్లు అడుగుతారు. ఆమె తెలుగులో అడిగింది. నేను ఇంగ్లీషులో, నాకూ పని ఉందని చెప్పాను.

ఆమె కార్డులు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నా కాగితాల మీద అంగడి పేరు చక్కగా వచ్చింది. అధ్యాపకుడు దాన్ని చూసి ఇదేమిటని కూడా అడగలేదు. ఉద్యోగం నా లక్ష్యం కాదని రాసిన నాకు ఆ కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. వెళ్లి చేరాను.

అంతకు ముందు, క్లాసు చివరి రోజున, మొదటి సాయంత్రం రాసిన కాగితాలు తిరిగి ఇస్తే ఆమె కాగితం ఒక్కటే మిగిలిపోయింది. "ఈ అమ్మాయి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అధ్యాపకుడు అడిగాడు. అప్పుడు చెయ్యెత్తాను. దాని మీద ఆమె రాసింది చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు: నాకు ఉద్యోగం కావాలి. మా నాన్నకు విశ్రాంతి కావాలి. ఈ యంత్రం ఎలా పని చేస్తుందో నేర్చుకుని ఆయనకు చెప్పాలి. ఆయనకు తొందరగా అర్థమవుతుంది.

ఆ ఆదివారం దొడ్డబళ్ళాపురం వెళ్లాను. వాళ్ల సందు మొదట్లోనే అట్టలు కొట్టే చప్పుడు వినిపించింది. తలుపు తీసి ఉంది. వాళ్ల నాన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన చోట కూర్చుని ఆమె అట్టలు కొడుతోంది.

"ఇల్లు ఇదేనా?" అన్నాను. తెలిసి అడిగిన మాటే. ఇంకేమనాలో తోచలేదు.

ముసలాయన తల ఎత్తాడు. "ఎవరప్పా? మా చిన్నయ్య గొంతు మాదిరి ఉండాదే."

ఆమె నన్ను నిదానంగా చూసింది. చేతిలో సుత్తి అలాగే ఉంది.

"కాదు నాయనా" అంది. "ఎవరో. దారి అడగను వచ్చినారు."

కాగితం నా కోటు జేబులోనే ఉండిపోయింది. సందు మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు మళ్లీ మొదలవలేదు.