పదకొండు దాటితే పోయే కెమెరా

నందిగామ కాలేజీలో క్లాసు ముగించుకుని స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చిన జెరూషా, చేతికంటిన సుద్దపొడి దులుపుకోకుండానే ఫోను తీసింది. తెర మీద ఇల్లు లేదు. నల్లటి గడి మధ్యలో ఒక గీత గుండ్రంగా తిరిగి తిరిగి అలిసిపోయి, ‘డివైస్ ఆఫ్‌లైన్’ అన్న రెండు ముక్కలు చూపించి ఊరుకుంది.

ఇది కొత్త కాదు. పొద్దున బస్సులో కూర్చుని చూస్తే జగ్గయ్యపేటలో తన ఇంటి హాలు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. రెండేళ్ళ క్రిస్టీ చాప మీద ఇడ్లీ ముక్కలు విసురుతుంటుంది, అత్తగారు పుల్లమ్మ వాటిని ఏరుతుంటుంది. పదకొండు దాటాక సగం రోజులు ఆ ఇల్లు మాయమైపోతుంది. జెరూషా సాయంత్రం గుమ్మం ఎక్కేసరికి ఏమీ జరగనట్టు మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. ఆమె సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న రోజున మాత్రం ఒక్క క్షణం కూడా పోదు.

జెరూషాది చందర్లపాడు. నాన్న జయరాజ్ బడిపంతులు. చిన్నప్పుడు ఇంట్లో టార్చి వెలగకపోతే కూతురి చేతికే ఇచ్చేవాడు. “ఒక్కోసారి ఒక్కటే మార్చు. బ్యాటరీ, బల్బు రెండూ కలిపి మార్చావంటే తప్పు దేనిదో నీకెప్పటికీ తెలీదు” అనేవాడు. ఆ పద్ధతితోనే ఆమె ఫిజిక్సులో ఎమ్మెస్సీ దాకా వెళ్ళింది, లెక్చరరయింది. పెళ్ళయ్యాక జగ్గయ్యపేటలో కాపురం, నందిగామలో ఉద్యోగం, మధ్యలో బస్సు. భర్త బెన్ని సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని చేస్తాడు. పిల్లను చూసుకునేది పుల్లమ్మే.

అంతా సర్దుకుందనుకుంటుండగా మొన్న మార్చిలో క్రిస్టీకి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఆ సమయంలో జెరూషా పాఠం చెబుతోంది, ఫోను బ్యాగులో ఉంది. పుల్లమ్మ ఒక్కతే పిల్లను భుజాన వేసుకుని ఆటో కోసం పరిగెత్తింది. జ్వరం ఎక్కువైతే కొందరు పిల్లలకు ఇలా వస్తుందనీ, పెద్దయ్యేకొద్దీ పోతుందనీ, ఒళ్ళు వేడెక్కకుండా కనిపెట్టుకుని ఉండమనీ డాక్టరు చెప్పాడు. కనిపెట్టుకుని ఉండటమంటే జెరూషాకు తోచింది కెమెరా. హాల్లో ఒకటి బిగించి, టీవీ పక్క అలమరలో రికార్డరు పెట్టించింది.

ఇప్పుడది ఆమె ఉద్యోగానికే ఎసరు పెట్టేలా ఉంది. వచ్చే విద్యా సంవత్సరానికి ఉంటావో మానేస్తావో సోమవారానికల్లా చెప్పమని ప్రిన్సిపాల్ కమలాకుమారి అడిగింది. కనిపించని ఇంటిని నమ్మి పాఠాలు చెప్పడం తన వల్ల కాదని జెరూషా దాదాపు నిర్ణయించుకుంది. అయినా ప్రయత్నలోపం ఉండకూడదని కెమెరా బిగించిన నవీన్‌బాబుకు మళ్ళీ ఫోను చేసింది.

“నవీన్‌బాబూ, మళ్ళీ పోయిందండి.”

“ఏం లేదు మేడం, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి.”

“నేను నందిగామలో ఉన్నా.”

“అయితే ఇంటికెళ్ళాక చెయ్యండి.”

“ఇంటికెళ్ళేసరికి దానంతటదే వచ్చేస్తుందండి.”

“వచ్చేస్తే ఇంక ప్రాబ్లం ఏముంది మేడం?”

జెరూషా ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, గ్లాసుడు నీళ్ళు తాగింది.

నవీన్‌బాబు తప్పంతా నెట్‌దే అంటాడు. నెట్ కనెక్షన్ ఇచ్చిన హరిచరణ్ తన లైను అద్దంలా ఉందంటాడు, తప్పంతా రికార్డరుదే అంటాడు. ఒకసారి ఇద్దరినీ ఒకేసారి ఇంటికి పిలిపించింది. ఇద్దరూ టీ తాగారు, బిస్కెట్లు తిన్నారు, తప్పు కరెంటు వాళ్ళదని ఏకమై వెళ్ళిపోయారు.

ఇక నాన్న పద్ధతే దిక్కయింది. మొదట అడాప్టర్ మార్చింది. తర్వాత రౌటర్ నుంచి రికార్డరుకు వెళ్ళే వైరు మార్చింది. రికార్డరు మీద పుల్లమ్మ ముచ్చటగా కప్పిన లేసు గుడ్డ వల్ల వేడెక్కుతుందేమోనని అది తీసేసింది. పుల్లమ్మ మళ్ళీ కప్పింది. మళ్ళీ తీసేసింది. దేనికీ లొంగకపోయేసరికి అనుమానం అత్తగారి మీదికి మళ్ళింది. తనను కాపలా కాయడానికే కెమెరా పెట్టారని ఆమెకు మొదటినుంచీ చిన్న నొప్పి ఉంది మరి.

“అత్తమ్మా, పగలు మీరేమైనా ఆ స్విచ్ ఆపుతున్నారా?”

“నేనెందుకు ఆపుతా?” అంది పుల్లమ్మ.

మర్నాడు పొద్దున జెరూషా రికార్డరు స్విచ్ ఎవరూ కదపకుండా దాని మీద దెబ్బలకు వేసే ప్లాస్టరు అంటించింది. పుల్లమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

“మిగిలితే నా చేతులక్కూడా వెయ్యమ్మాయ్. మళ్ళీ పోతే నా మీదికి రాకుండా ఉంటది.”

ఆ రోజు కూడా పదకొండు దాటాక పోయింది. ప్లాస్టరు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు క్రిస్టీతో మాట్లాడారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

శనివారం రెండో పూట కాలేజీ లేదు. పుల్లమ్మ కూరగాయలకు వెళ్ళింది, బెన్ని డ్యూటీలో ఉన్నాడు, పిల్ల నిద్రపోతోంది. అలమర ముందు కూర్చుని, రికార్డరు మీద మినుకుమినుకుమంటున్న పచ్చదీపాన్ని చూస్తుంటే జెరూషాకు తన మీద తనకే ఒళ్ళు మండింది. ఫోనుకు అందకపోవడం వేరు, రికార్డు ఆగిపోవడం వేరు. కెమెరా రికార్డరుకు తన సొంత వైరు మీద బొమ్మ పంపుతూనే ఉంటుంది. తెగుతున్నది రికార్డరుకూ రౌటరుకూ మధ్య మాట మాత్రమే. ఇన్ని రోజులూ ఇంట్లోనే ఉన్న సాక్షిని పక్కన పెట్టి ఊరందరినీ ప్రశ్నించింది.

రికార్డరును టీవీకి తగిలించి నిన్నటి పదకొండు గంటలకు తిప్పింది.

హాల్లో పుల్లమ్మ, క్రిస్టీ ఉన్నారు. పక్కింటి లూర్దమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చింది. రాగానే క్రిస్టీ మెడ మీద చెయ్యి ఆనించి చూసి చాప మీద కూర్చుంది. తర్వాత ఇంకొకామె వచ్చింది. ఆమె కూడా పిల్ల మెడ తడిమింది. అలా ఒక్కొక్కరే వస్తూ అయిదుగురయ్యారు, అందరూ చర్చి స్త్రీల సమాజం వాళ్ళే. పుల్లమ్మ గోడ మీది చర్చి కేలండరు వైపు వేలు చూపించింది. అందరూ ఫోన్లు తీశారు, ఆఖరున వచ్చినామె మాత్రం కేలండరు చూస్తూ ఒక్కో అంకె నొక్కసాగింది.

జెరూషా తల పట్టుకుంది.

సంఘంలో ప్రతి కొత్త సంవత్సరానికీ ఒక వాగ్దాన వాక్యం ఇస్తారు. దాని అధ్యాయం, వచనం అంకెలు కేలండరు మీద పెద్దగా అచ్చేస్తారు. అమ్మకు గుర్తుండాలని బెన్ని ఆ అంకెలనే నెట్‌కు పాస్‌వర్డ్‌గా పెట్టాడు. అంటే సంఘంలో ఉన్న ప్రతి ఇంటి గోడ మీదా వాళ్ళింటి తాళంచెవి వేలాడుతోంది.

మిగతా రోజుల రికార్డు కూడా తిప్పి, రౌటర్ సెట్టింగులు తెరిచి చూసేసరికి అసలు సంగతి తేలిపోయింది. రౌటర్ వచ్చిన ఫోనుకల్లా వరసగా ఒక నంబరు ఇస్తుంది, వీధిలో ఇళ్ళకు నంబర్లు వేసినట్టు. రికార్డరుకు నవీన్‌బాబు ఆరో నంబరు శాశ్వతంగా రాసిపెట్టాడు గానీ ఆ సంగతి రౌటరుకు చెప్పలేదు. ఇంట్లో ఫోన్లు తక్కువ కాబట్టి మామూలుగా ఆరుదాకా రాదు. అయిదుగురు ఆడవాళ్ళు వచ్చిన రోజున ఎవరో ఒకరి ఫోనుకు ఆరో నంబరు పడుతుంది. ఒకే నంబరుతో రెండిళ్ళుంటే ఉత్తరం ఎటు పోతుందో ఎవరికి తెలుసు? ఇద్దరే వచ్చిన రోజున ఏ గొడవా లేదు. జెరూషా ఇంట్లో ఉన్నప్పుడు వాళ్ళసలు రారు.

పుల్లమ్మ గోంగూర సంచితో వచ్చి, టీవీలో తనను తాను చూసుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

“రోజూ వీళ్ళంతా ఎందుకొస్తున్నారు అత్తమ్మా?”

పుల్లమ్మ సంచి దించి, గోడకానుకుని కూర్చుంది. గోంగూర కట్ట బయటికి తీసి విప్పింది.

“ఆ రోజు పిల్ల కళ్ళు తేలేస్తే వీధిలోకొచ్చి అరిచా. ఒక్కళ్ళూ పలకలా. అందరూ మిరపకోతలకి పోయారు. చేతుల్లో పిల్ల కొయ్యలా బిగుసుకుపోయింది. ఒంటరిగా నా వల్ల కాదమ్మాయ్. ఆ ముక్క నీతో అంటే ఉద్యోగం మానేస్తానంటావు. అందుకని లూర్దమ్మతో అన్నా. కోతలు లేని వాళ్ళు వచ్చి కూర్చుంటన్నారు. ఊరికే ఏం కూర్చుంటారు, ఫోన్లో ప్రార్థన పెట్టుకుంటారు. నెట్ మనదేగా, వాడుకోండి అన్నా.”

“మరి నాకు చెప్పొచ్చుగా.”

“నువ్వు ఎవరొస్తన్నారని అడిగావా? స్విచ్ ఆపుతన్నారా అనడిగావు. ఆపట్లేదని చెప్పా.”

జెరూషా లేచి వెళ్ళి స్విచ్ మీది ప్లాస్టరు పీకింది. సున్నం పెచ్చు కూడా ఊడొచ్చింది.

“గోడ కూడా పాడు చేశావ్” అంది పుల్లమ్మ. కానీ గోంగూర సగం కోడలి వైపు తోసింది, వలవమని.

ఆదివారం ఆరాధనయ్యాక నవీన్‌బాబు వచ్చాడు.

“రికార్డరుకు ఆరో నంబరు ఎందుకు పెట్టారండి?”

“అందరిళ్ళలో అదే పెడతాం మేడం. గుర్తుంటదని.”

ఈ ఇంట్లో గుర్తుండటం కోసం చేసిన ప్రతి పనీ తన ప్రాణం తీసిందని జెరూషా మనసులో అనుకుంది. రౌటర్ పంచిపెట్టే నంబర్లకు అందనంత దూరంలో రికార్డరుకు కొత్త నంబరు వేయించింది. పనిలో పనిగా పాస్‌వర్డ్ కూడా మార్చేసింది.

సోమవారం పదకొండు దాటింది. స్టాఫ్‌రూమ్‌లో తెర మీద హాలు నిలకడగా ఉంది. ఆడవాళ్ళు వచ్చారు, పిల్ల మెడ తడిమారు, కేలండరు చూసి నొక్కారు. మళ్ళీ నొక్కారు. అందరూ కలిసి పుల్లమ్మను చూశారు. పుల్లమ్మ తలెత్తి కెమెరాలోకి చూసింది. ఫోను మోగింది.

“అమ్మాయ్, నెట్ రావట్లేదంటన్నారు.”

“పాస్‌వర్డ్ మార్చా అత్తమ్మా.”

“చెప్పాపెట్టకుండా మారిస్తే ఎట్టా? అందరూ మొహాలు వేలాడేసుకున్నారు ఇక్కడ.”

“మన పాప పేరు, పుట్టిన తేదీ. మీరొక్కరే గుర్తుపెట్టుకోండి. ఎవరికీ...”

“లూర్దమ్మా, మన పాప పేరు, పుట్టిన తేదీ అంట.” పుల్లమ్మ గొంతు స్టాఫ్‌రూమంతా వినిపించింది.

తెర మీద తలలన్నీ ఫోన్ల మీదికి వంగాయి. జెరూషా ఫోను దగ్గరికి పెట్టుకుని చూసింది. ఒక్కొక్కరే కలిశారు. బొమ్మ కదల్లేదు, గీత తిరగలేదు. క్రిస్టీ ఎవరి ఒళ్ళోనో పడి కునుకుతోంది.

“ఏమ్మా, ఏమనుకున్నావ్?” తలుపు దగ్గర ప్రిన్సిపాల్ కమలాకుమారి నిలబడి ఉంది.

“ఉంటానండి మేడం” అంది జెరూషా.

చెప్పి మళ్ళీ ఫోను చూసేసరికి తెర నిండా నీలం గళ్ళు. తేరిపార చూస్తే అది పిల్ల తువ్వాలు. తడిది ఎక్కడో ఒకచోట ఆరాలి కదా, చేతికందే ఎత్తులో ఉంది కదా అని లూర్దమ్మ దాన్ని కెమెరాకు తగిలించినట్టుంది.

ఫోను చేసి తీయించాలనుకుంది. వేలు నంబరు దాకా వెళ్ళి ఆగింది. బెల్లు కొట్టారు. ఫోను బ్యాగులో పడేసి, సుద్దముక్క తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయింది.