డబ్బాలో ఉండిపోయిన బోళం

కిషన్‌బాగ్‌లో ఉన్నన్నాళ్లూ నేను ఇంట్లో ఏ వస్తువూ ఊరికే పారేయలేదు. వడగట్టిన చాయ్ పత్తి కూడా గులాబీ మొక్క మొదట్లో వేసేదాన్ని. అందుకే డబ్బాలో ఉన్న బోళం ముద్ద సంగతి ఎవరూ అడగలేదు. నా దాచిపెట్టే అలవాటే అనుకున్నారు.

అది మా అమ్మ కొన్నది. నాకు మొదటి కాన్పు నెలలు నిండినప్పుడు, చార్మినార్ దగ్గర మూలికల దుకాణానికి నన్నూ వెంట తీసుకుపోయింది. దుకాణం ముసలాయన నా కడుపు చూసి, "జచ్చాకేనా అమ్మా? అసలుదిస్త, ఫికర్ చెయ్యకు" అని కాగితంలో కట్టిచ్చాడు. జచ్చా అంటే బాలింత. మా ఇళ్లల్లో కాన్పయినాక బోళం అరగదీసి, బెల్లం కలిపి తాగిస్తారు, లోపలి పుండు మానుతుందని.

ఆడపిల్ల పుట్టింది. పొద్దుగూకకముందే పోయింది.

అమ్మ సానరాయి మీద బోళం తీసి గిన్నె పట్టుకొచ్చింది. నేను నోరు తెరవలేదు.

"తాగు బిడ్డా."

"నాకెందుకే? పిల్లనే లేకపాయె."

"పిల్ల లేకున్నా ఒళ్లు బాలింతదే గద."

అయినా తాగలేదు. మిగిలిన ముద్దను అమ్మ డబ్బాలో పెట్టిపోయింది. తర్వాత ఇంకో ఆడపిల్ల పుట్టినప్పుడు కొత్త బోళం కొనిపించాను. ఇంట్లో ఉన్న వస్తువును మళ్లీ కొనడం నా సంసారంలో అదొక్కటే. పాతది పెద్దదాని వంతు. దాన్ని ఎట్లా ముట్టను?

ఆ రెండో పిల్ల బడికి పోయే వయసులో, మా చర్చిలో క్రిస్మస్ నాటకం ఆడించారు. దీనికి మూడో జ్ఞాని వేషం వచ్చింది.

"అమ్మా, బంగారానికి పాస్టరమ్మ ఇత్తడి చెంబిస్తనన్నది. సాంబ్రాణి పక్కింటి ఖాలా ఇచ్చింది. నాది బోళం. డబ్బల ఉన్నది గద, ఇయ్యి."

"అది కాదు. గులకరాయి పెట్టుకో. గుడ్డ కప్పితే ఎవరు చూస్తరు?"

"గింత పిసినారిదానివేందే? పుట్టిన బిడ్డకు రాయి ఇస్తరా?"

కొట్టడానికి లేచిన చెయ్యి దించేశాను. తనకొక అక్క ఉండేదని దానికి తెలియదు. డబ్బా దించి ఇచ్చాను. "మళ్ల తేవాలె. ముక్క తగ్గితే వీపు పలుగుతది" అన్నాను.

పండుగనాడు పాస్టరుగారు కానుకల అర్థం చెప్పారు. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం చనిపోబోయేవానికి. ఆ కాలంలో శవానికి పూసేవారట. నా పక్కన కూర్చున్న ఆమె నా చెవిలో, "పురిటింటికి గసొంటిది తెచ్చిన్రా వదినా? ఆడోళ్లనడగకుండ మొగోళ్లు కొనుకొస్తే గట్లనే ఉంటది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పాస్టరుగారు చెప్పిందీ నిజమే, మా అమ్మకు తెలిసిందీ నిజమే. నా పిల్లకు ఆ రెండూ ఒక్క పగటిలోనే అయిపోయాయి.

మరి మరియమ్మ ఆ బోళాన్ని ఏం చేసింది? నాకున్న కొద్ది చదువుతో, ఇంటికి పోయి బైబిల్లో వేలు పెట్టుకుంటూ ఆ అధ్యాయమంతా చూశాను. రాసి లేదు. అరగదీసుకుని తాగి ఉంటుందనుకున్నాను. పరాయి ఊళ్లో కన్నది, గిన్నె నోటికందించే తల్లి దగ్గర లేదు. నాకు తల్లి దగ్గరే ఉండి, తాగమని బతిమాలినా పెదవి విప్పలేదు. అప్పటికి మా అమ్మ కూడా పోయింది.

పిల్ల ముద్దను తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను సానరాయి కడిగి, నీళ్లు చిలకరించి, అరగదీశాను. మా ఆయన బస్సు డిపో నుంచి అప్పుడే వచ్చారు.

"పండుగపూట మందేంది? కడుపు నొస్తున్నదా?"

"లేదు. ఇది పెద్దదాని కాన్పుది."

ఆయన పిల్లను పిలిచి, "పా బిడ్డా, ఖాలా వాళ్లకు అన్నమిచ్చొద్దాం" అని బయటికి తీసుకుపోయారు.

బెల్లం కలపకుండానే తాగేశాను. గొంతు దాకా చేదు. బగారా అన్నం తిన్నా పోలేదు. కుండలో నీళ్లున్నాయి, ముంచుకోలేదు.